గాలిని తోడిన భక్తుడు

పంక్చర్ షాపు ముందు టకటకమని కొట్టుకుంటూ ఉండే కంప్రెషర్‌ను చూడనివారు ఉండరు. బయటి గాలిని పీల్చి ట్యాంకులోకి అదిమి కూరటం దాని పని. మన చూపు ఎప్పుడూ గాలి వచ్చే గొట్టం మీదే ఉంటుంది. గాలి పీల్చుకునే వైపు, చిన్న ఫిల్టరు బిగించి ఉండే రంధ్రాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ ఫిల్టరు ఊడదీసి, అక్కడ ఒక గొట్టం బిగించి, రెండో కొసను గట్టి మూత ఉన్న పాత్రకు తగిలించి, అవతలి వైపు గాలిని ఊరికే బయటికి వదిలేస్తే అదే కంప్రెషర్ ఆ పాత్రలోని గాలిని తోడేస్తుంది. అంటే గాలి కొట్టే యంత్రమే గాలి తీసే యంత్రమవుతుంది. పాత ఫ్రిజ్ నుంచి తీసిన కంప్రెషర్‌తో ఇలా చేసి పిల్లలకు చూపించే సైన్సు మాస్టార్లు ఉన్నారు. పాత్ర మాత్రం మందంగా ఉండాలి. పల్చటి సీసా అయితే బయటి గాలి ఒత్తిడికి లోపలికి పగిలిపోయి ముక్కలు చిందుతాయి. ఎందుకంటే మన చుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో బరువుతో నొక్కుతూ ఉంటుంది. లోపల కూడా గాలి ఉన్నంతకాలం ఆ బరువు మనకు తెలియదు.

గాలిని అదిమినా, తోడినా అది ఒకే లెక్క ప్రకారం నడుచుకుంటుంది. ఆ లెక్కను 1662లో అచ్చువేయించిన వ్యక్తి పేరు మన పిల్లల సైన్సు పుస్తకాల్లో ఉంది: బాయిల్ నియమం. అయితే ఆ రాబర్ట్ బాయిల్ హీబ్రూ, గ్రీకు నేర్చుకుని పరిశుద్ధ గ్రంథాన్ని మూలభాషల్లో చదివిన భక్తుడనీ, పేదల భాషల్లో బైబిళ్లు అచ్చువేయించటానికి తన ఆస్తి ఖర్చుపెట్టాడనీ ఆ పుస్తకాలు చెప్పవు. దేవుణ్ణి నమ్మేవాడు ప్రయోగశాలలో నిజాయితీగా ఎలా నిలబడగలడని మన సంఘాల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు అడుగుతుంటారు. వారి కోసమైనా ఆయన జీవితం మనకు తెలియాలి. ముఖ్యంగా ఆయన సందేహాలు తెలియాలి. మన ప్రసంగాల్లో శాస్త్రవేత్తల భక్తి గురించి చెప్పేటప్పుడు ఆ భాగాన్ని మనం తరచుగా దాటేస్తాం.

రాబర్ట్ బాయిల్ 1627 జనవరి 25న ఐర్లండులోని లిస్మోర్ కోటలో పుట్టారు. తండ్రి రిచర్డ్ బాయిల్ 1588లో చేతిలో అంతంతమాత్రం డబ్బుతో ఇంగ్లండు నుంచి ఐర్లండు వెళ్లి, అక్కడ భూములు సంపాదించి, కార్క్ ప్రాంతానికి మొదటి ఎర్ల్ అయ్యాడు. ఆనాటి అత్యంత ధనవంతుల్లో ఒకడు. ఆ భూములు ఐరిష్ ప్రజల చేతుల్లోంచి ఇంగ్లీషువారికి బదిలీ అయిన కాలమది అని మరచిపోకూడదు. రాబర్ట్ ఆయనకు పద్నాలుగో సంతానం. పసివాణ్ణి పల్లెలో ఒక దాది ఇంట్లో పెంచారు. పిల్లవాడికి మూడేళ్లు నిండిన కొద్దిరోజులకే తల్లి చనిపోయింది. తోటి పిల్లల నత్తిని వేళాకోళానికి అనుకరించబోయి, ఆ నత్తి తనకే అంటుకుందని ఆయన తరువాత రాసుకున్నారు. అది జీవితాంతం పోలేదు.

ఎనిమిదేళ్లకే ఈటన్ పాఠశాలకు పంపారు. పన్నెండేళ్ల వయసులో, 1639లో, అన్న ఫ్రాన్సిస్‌తో కలిసి, ఐజాక్ మార్కోంబ్ అనే గురువు వెంట యూరప్ యాత్రకు పంపారు. వారు ఎక్కువకాలం జెనీవాలో ఉన్నారు. ఒక వేసవి రాత్రి అక్కడ భయంకరమైన ఉరుములు మెరుపులతో గాలివాన వచ్చింది. నిద్రలో ఉలిక్కిపడి లేచిన ఆ పిల్లవాడికి తీర్పుదినం వచ్చేసిందనిపించింది. తాను దానికి సిద్ధంగా లేనని వణికిపోయాడు. బతికి బయటపడితే ఇకమీదట భక్తిగా జీవిస్తానని మొక్కుకున్నాడు. తెల్లవారి ఆకాశం తేటపడ్డాక, భయం పోయిన తరువాత, అదే తీర్మానాన్ని మళ్లీ చేశాడు. భయంతో చేసిన మొక్కు దేవునికి తగిన కానుక కాదని ఆ పదమూడేళ్లవాడికి తోచిందట. మారుమనస్సు అనే మాటను మనం ఎంతో సులువుగా వాడతాం. ఆ రెండో తీర్మానంలో దాని అసలు అర్థం కనబడుతుందని నాకనిపిస్తుంది.

కథ అక్కడితో సుఖంగా ముగియలేదు. ఆ తరువాత ఫ్రాన్సులోని గ్రెనోబుల్ దగ్గర కొండల మధ్య ఉన్న ఒక ప్రసిద్ధ సన్యాసుల మఠాన్ని చూడటానికి వెళ్లారు. ఆ ఎత్తైన, నిర్మానుష్యమైన చోట ఆయన మనసును భయంకరమైన ఆలోచనలు చుట్టుముట్టాయి. క్రైస్తవ విశ్వాసపు మూలసత్యాల మీదే అనుమానాలు కలిగాయి. ప్రాణం తీసుకోవాలన్నంత నిరాశ కలిగింది. అది పాపమన్న భయమే ఆపిందని ఆయన రాసుకున్నారు. చాలా నెలలు ఆ చీకటిలోనే గడిచాయి. చివరికి ఒకరోజు ప్రభు బల్లలో పాలుపొందాక, దేవుని దయ తన మీద మళ్లీ ఉందన్న నెమ్మది కలిగింది. ఆ తరువాత కూడా అప్పుడప్పుడు ఆ మబ్బులు కమ్మేవని యువకుడిగా రాసిన ఆత్మకథలో ఆయన దాచకుండా ఒప్పుకున్నారు. ఆ సందేహాల వల్ల ఒక మేలు జరిగిందని కూడా ఆయన గ్రహించారు. తన మతానికి ఆధారాలేమిటో తానే పరిశోధించి తెలుసుకోవాలన్న పట్టుదల వాటి వల్లే వచ్చింది. తల్లిదండ్రుల మతం కనుక నమ్ముతున్నాను అనే మాటతో ఇక తృప్తిపడలేకపోయారు.

1641 చివర్లో అన్నదమ్ములిద్దరూ ఇటలీలోని ఫ్లోరెన్సు చేరారు. ఆ చలికాలంలోనే, 1642 జనవరిలో, ఆ ఊరికి దగ్గర్లో గెలీలియో కన్నుమూశాడు. ఐర్లండులో తిరుగుబాటు వచ్చి తండ్రి పంపిన డబ్బు అందలేదు. మార్కోంబ్ ఆదరణ మీద జెనీవాలో రెండేళ్లు గడిపి, నగలు అమ్ముకుని 1644లో రాబర్ట్ ఇంగ్లండు చేరేసరికి తండ్రి చనిపోయి ఏడాది కావస్తోంది. దేశంలో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం నడుస్తోంది. ఆదుకున్నది అక్క కేథరిన్. రానెలా ప్రభువు భార్య అయిన ఆమె తమ్ముడికంటే సుమారు పన్నెండేళ్లు పెద్దది, చదువుకున్నది, భక్తురాలు. ఆమె ఇంటికి వచ్చిపోయే పండితులతోనే ఆయనకు కొత్త శాస్త్రంతో పరిచయం కలిగింది. బాయిల్ పెళ్లి చేసుకోలేదు. చివరి 23 ఏళ్లు లండనులో ఆ అక్క ఇంట్లోనే ఉన్నారు.

డోర్సెట్ జిల్లాలోని స్టాల్‌బ్రిడ్జ్‌లో తండ్రి ఇచ్చిన ఇంట్లో కొన్నేళ్లు రసాయన ప్రయోగాలు చేసి, 1650ల మధ్యలో ఆక్స్‌ఫర్డుకు మారారు. అప్పటికే కళ్లు దెబ్బతిన్నాయి. చదవటానికి, రాయటానికి ఇతరుల మీద ఆధారపడవలసి వచ్చేది. మూత్రపిండాల్లో రాళ్ల బాధ కూడా ఉండేది. ఆ స్థితిలోనే శూన్యం సంగతి ఆయన చేతికి వచ్చింది.

శూన్యం అనేది అసలు ఉండగలదా? అరిస్టాటిల్ కాలం నుంచి పండితులు ఉండదనే చెబుతూ వచ్చారు. ప్రకృతి ఖాళీని సహించదని వారి సిద్ధాంతం. పిచికారీలో నీళ్లు పైకి ఎక్కటానికి కారణం అదేనని చెప్పేవారు. ఇటలీలో టోరిచెల్లి ఒక మూసిన గాజు గొట్టంలో పాదరసం నింపి, పాదరసమున్న గిన్నెలోకి తలకిందులుగా దింపితే అది సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తున ఆగిపోయి, పైన ఖాళీ మిగిలింది. బయటి గాలి బరువే పాదరసాన్ని నిలబెడుతోందని ఆయన భావం. జర్మనీలో మాగ్డెబర్గ్ పట్టణ మేయరు ఓటో ఫాన్ గెరికే పంపుతో పాత్రల్లోని గాలిని తోడి చూపించాడు. ఆ సంగతి 1657లో అచ్చయిన ఒక పుస్తకం ద్వారా బాయిల్‌కు తెలిసింది. కానీ గెరికే పాత్రలో వస్తువులు పెట్టి చూడటానికి వీలులేదు, తోడటానికి శ్రమ చాలా ఎక్కువ. ఈ రెండు లోపాలు లేని యంత్రం కావాలనుకున్నారు బాయిల్. మొదట లండనులో ఒక పనిముట్ల తయారీదారుతో ప్రయత్నించారు, కుదరలేదు. తరువాత ఆ పని తన సహాయకుడు రాబర్ట్ హుక్‌కు అప్పగించారు. హుక్ ఒక బీద పాదిరిగారి కుమారుడు, ఇరవై దాటిన యువకుడు. 1659లో యంత్రం సిద్ధమైంది. ధనవంతుడి పేరే లోకానికి తెలిసింది గాని, హుక్ చేతి పనితనం లేకపోతే ఆ పంపు లేదు. బాయిల్ తన పుస్తకంలో ఆయన పేరు చెప్పి ఆ సాయాన్ని గుర్తించారు. ఆ రోజుల్లో ప్రభువులు పనివాళ్ల పేర్లు రాయటం అరుదు.

పైన సుమారు 28 లీటర్లు పట్టే గుండ్రటి గాజు పాత్ర, దానికి వస్తువులు దించటానికి వీలుగా మూత. కింద ఇత్తడి సిలిండరు. దానిలో తోలు తొడిగిన పిస్టన్. పళ్లున్న కడ్డీకి చేతిమర బిగించి తిప్పితే పిస్టన్ కిందికి పైకి కదులుతుంది. పాత్రకూ సిలిండరుకూ మధ్య ఒక కొళాయి, సిలిండరు పక్కన ఒక చిన్న బిరడా. కొళాయి తెరిచి పిస్టన్ కిందికి లాగితే పాత్రలోని గాలి కొంత సిలిండరులోకి దిగుతుంది. కొళాయి మూసి, బిరడా తీసి పిస్టన్ పైకి తోస్తే ఆ గాలి బయటికి పోతుంది. బిరడా పెట్టి, కొళాయి తెరిచి మళ్లీ లాగాలి. కొళాయి, బిరడాల వరుసను తారుమారు చేస్తే అదే యంత్రం పాత్రలోకి గాలిని కూరుతుంది. మనిషి చేత్తో తిప్పిన ఆ కొళాయి, బిరడాల పనినే మన పంక్చర్ షాపు కంప్రెషర్‌లో రెండు చిన్న వాల్వులు వాటంతట అవే చేస్తాయి.

ఇందులో ఒక చిక్కుంది. పాత్ర పది లీటర్లు, సిలిండరు ఒక లీటరు అనుకుందాం. ఒక్కో లాగుకి పోయేది అప్పటికి ఉన్న గాలిలో పదకొండో వంతు మాత్రమే. ఏడెనిమిది లాగులకు సగం పోతుంది, ఇరవై నాలుగైదు లాగులకు పదో వంతు మిగులుతుంది. ఎన్ని లాగులు లాగినా ఎంతో కొంత మిగిలే ఉంటుంది. పిస్టన్ కొసన ఇరుక్కుని బయటికి పోని కాస్త గాలి ప్రతిసారీ వెనక్కి వ్యాపిస్తుంది. పైగా తోలు సందుల్లోంచి, మూత అంచుల్లోంచి బయటి గాలి దూరుతుంది. ఈనాటి చిన్న కంప్రెషర్‌తో తోడినా పూర్తి శూన్యం రాకపోవటానికి కారణాలు ఇవే. బాయిల్ తన యంత్రపు ఈ బలహీనతను ఎవరో పట్టుకునేదాకా దాచలేదు. కారుతోందని తానే రాశారు. తన పాత్రను శూన్యం అన్నప్పుడు గాలి దాదాపుగా తీసేసిన చోటు అనే తన ఉద్దేశమని స్పష్టం చేశారు. లోపల నిజంగా ఏమీ లేదా, లేక కంటికి కనబడని సూక్ష్మమైన పదార్థమేదైనా ఉందా అన్న వాదంలో ఏ పక్షానికీ తీర్పు ఇవ్వలేదు. తన ప్రయోగం అంతదూరం చూపించలేదు కనుక తానూ అంతదూరం మాట్లాడనన్నది ఆయన వైఖరి.

1660లో వెలువడిన పుస్తకంలో 43 ప్రయోగాలున్నాయి. నూలుపోగుతో వేలాడదీసిన గడియారం టిక్కుటిక్కు చప్పుడు గాలి తగ్గేకొద్దీ సన్నగిల్లి వినబడకుండా పోయింది. వెలుగుతున్న కొవ్వొత్తి ఆరిపోయింది. కొంచెం గాలి ఉంచి మూతికట్టిన గొర్రెపిల్ల మూత్రకోశం దానంతట అదే ఉబ్బింది. ఇక అసలైన పరీక్ష టోరిచెల్లి గొట్టం. దాన్ని గిన్నెతో సహా పాత్రలో దింపి గాలి తోడటం మొదలుపెడితే, ఒక్కో లాగుకీ పాదరసం మెట్టుమెట్టుగా దిగింది. గాలిని తిరిగి వదిలితే మళ్లీ ఎక్కింది. పాదరసాన్ని నిలబెట్టేది బయటి గాలేనని కళ్లారా తెలిసింది. అయితే అది గిన్నెలోని మట్టం దాకా పూర్తిగా దిగలేదు, కొంచెం ఎత్తున ఆగిపోయింది. ఆ కొంచెం ఎత్తును కూడా బాయిల్ రాసిపెట్టారు. ఒకదానికొకటి అతుక్కుని నిలిచే రెండు నున్నటి పాలరాతి బిళ్లలు గాలి తీస్తే విడిపోతాయని ఆయన ఆశించారు. విడిపోలేదు. ఆ విఫలమైన ప్రయోగం కూడా పుస్తకంలో ఉంది. సాక్ష్యం చెప్పేటప్పుడు జరిగిన మేలుకు నాలుగు మాటలు కలిపి చెప్పే అలవాటు మనలో ఉంది. బాయిల్ ఆ పుస్తకాన్ని విశ్వాసులు ఒకసారి తిరగేయాలని నా కోరిక.

ఆయన పిచ్చుకలను, ఎలుకలను కూడా పాత్రలో పెట్టి చూశారు. గాలి లేకపోతే ప్రాణి బతకదని వాటి ద్వారా తెలిసింది గాని, ఆ పుటలు చదవటం కష్టంగానే ఉంటుంది. ఒక రాత్రి పక్షి గిలగిలలాడుతుంటే చూడటానికి వచ్చిన స్త్రీలు జాలిపడి, వెంటనే గాలి లోపలికి వదలమని పట్టుబట్టారు. ఆయన వదిలారు. ఆ ప్రయోగం చెడింది. అదీ రాశారు.

పుస్తకం మీద దాడి రెండు వైపుల నుంచి వచ్చింది. తత్వవేత్త థామస్ హాబ్స్ పంపులో గాలి దూరుతోందనీ, ఆ యంత్రం ఏమీ రుజువు చేయదనీ 1661లో రాశాడు. జెస్యూట్ గురువు ఫ్రాన్సిస్ లైనస్ గాలికి అంత బలం లేదనీ, పాదరసాన్ని కంటికి కనబడని దారం వంటిదేదో పైకి పట్టి ఉంచుతోందనీ వాదించాడు. బాయిల్ 1662లో ఇద్దరికీ జవాబు రాశారు. ఎదుటివారి వాదాన్నే తప్పుపట్టారు గాని వారి వ్యక్తిత్వం జోలికి పోలేదు. లైనస్‌కు చెప్పిన జవాబులోనే ఆ ప్రసిద్ధ నియమం ఉంది. ఒక కొస మూసి, కొక్కెంలా వంచిన పొడవాటి గాజు గొట్టంలో కొంత గాలిని బంధించి, రెండో వైపు నుంచి పాదరసం పోస్తూ వెళ్లారు. సుమారు 29 అంగుళాల పాదరసం అదనంగా పోయగానే లోపలి గాలి సగానికి తగ్గింది. ఇంకా పోసి నాలుగో వంతు దాకా అదిమారు. తరువాత వేరే అమరికలో అదే గాలిని మామూలు కంటే పల్చన చేసి కూడా కొలిచారు. రెండు పట్టికల్లోనూ లెక్క ఒకటే. ఒత్తిడి ఎన్ని రెట్లు పెరిగితే గాలి అన్నో వంతుకు కుంచించుకుపోతుంది, ఒత్తిడి తగ్గితే అలాగే వ్యాపిస్తుంది. ఈ పోలికను రిచర్డ్ టౌన్లీ ముందుగా ఊహించాడని కూడా బాయిల్ పేరుపెట్టి చెప్పారు.

శూన్యం, పరమాణువులు అనగానే ఆనాటి దైవభక్తులు కొందరు భయపడేవారు. ప్రాచీన గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ ఆ మాటలతోనే సృష్టికర్త అవసరం లేని లోకాన్ని వర్ణించాడు మరి. బాయిల్ భయపడలేదు. చిన్నచిన్న కణాల కదలికతో లోకం నడుస్తుందని నమ్ముతూనే, అంత నేర్పుగా అమర్చిన గడియారం వంటి ఈ సృష్టి వెనుక జ్ఞాని అయిన దేవుడున్నాడని రాశారు. యోబు గ్రంథం 28వ అధ్యాయంలో దేవుడు గాలికి తూకం నియమించినట్లు ఉంది. దాన్ని చూపి బైబిలే ముందుగా సైన్సు చెప్పిందని కొందరు వాదిస్తుంటారు. ఆ అధ్యాయం జ్ఞానం ఎక్కడ దొరుకుతుందని అడుగుతుంది, బారోమీటరు పాఠం చెప్పటానికి రాసింది కాదు. అలాగే మనిషి హృదయంలో దేవుడే నింపగల శూన్యం ఉందన్న ప్రసంగ వాక్యాన్ని బాయిల్ పంపుకు తగిలించటం కూడా నాకు ఇష్టం లేదు. ఆయన తన గాజు పాత్ర చూపినదాని కంటే ఎక్కువ దానిచేత చెప్పించలేదు.

1660 నవంబరులో లండనులో రాయల్ సొసైటీకి పునాది వేసిన సమావేశంలో ఆయన ఉన్నారు. మరుసటి ఏడాది ఆ పంపును వారికే ఇచ్చేశారు. రాజు తిరిగి వచ్చాక పెద్దలు ఆయన్ను గురుత్వ అభిషేకం పొందమన్నారు. ఆ కుటుంబానికి బిషప్ పదవి దూరం కాదు. ఆయన ఒప్పుకోలేదు. పరిశుద్ధాత్మ పిలుపు తనకు కలిగినట్టు తోచలేదు. జీతం తీసుకోని సామాన్య విశ్వాసి క్రీస్తు పక్షాన మాట్లాడితే వినేవారు ఎక్కువని కూడా అనుకున్నారు. 1680లో రాయల్ సొసైటీ అధ్యక్షుడిగా ఎన్నుకుంటే, ప్రమాణం చేయటానికి మనస్సాక్షి ఒప్పక వదులుకున్నారు.

డబ్బు ఎటు పోయిందో చూడండి. ఐరిష్ భాషలో కొత్త నిబంధన అప్పటికే ఒకసారి అచ్చయినా ప్రతులు దొరికేవి కావు. బాయిల్ ఖర్చుతో ఐరిష్ అక్షరాలు కొత్తగా పోత పోయించి 1681లో దాన్ని మళ్లీ అచ్చువేశారు. బిషప్ బెడెల్ హయాంలో అనువాదమై అచ్చు చూడకుండా ఉండిపోయిన పాత నిబంధన 1685లో వచ్చింది. ప్రతులు స్కాట్లండు కొండప్రాంతాలకూ పంపారు. తండ్రి భూములు సంపాదించిన దేశపు పేదలకు, ఆ కుమారుడు వారి భాషలో వాక్యం ఇచ్చాడు. దానితో పాత లెక్క సరిపోయిందని నేననను. విలియం సీమన్ చేసిన టర్కీ భాష కొత్త నిబంధనకు 1666లో సాయం చేశారు. అమెరికాలోని న్యూ ఇంగ్లండులో సువార్త వ్యాప్తికి ఏర్పడిన కంపెనీకి 1662 నుంచి 1689 వరకు గవర్నరుగా ఉన్నారు. అక్కడి ఆదివాసుల భాషలో జాన్ ఎలియట్ అనువదించిన బైబిలు 1663లో పూర్తిగా అచ్చయింది. అమెరికాలో అచ్చయిన మొదటి సంపూర్ణ బైబిలు అదే. పన్నెండేళ్లకే వలసవారికీ ఆదివాసులకూ జరిగిన యుద్ధంలో ఆ ప్రతులు ఎన్నో నాశనమయ్యాయి.

మనకు దగ్గరి సంగతి ఒకటుంది. 1670ల్లో బాయిల్ ఈస్టిండియా కంపెనీ పాలకవర్గంలో సభ్యుడు. మచిలీపట్నంలో 1611 నుంచే వ్యాపారం చేస్తున్న కంపెనీ అది. తూర్పుదేశాల నుంచి ఇంత సంపాదిస్తున్నవారు అక్కడి ప్రజలకు సువార్త అందించటానికి ఏమీ చేయకపోవటం ఆయనకు మింగుడుపడలేదు. కంపెనీ పెద్దలకు ఆ మాట రాశారు. తానే ఖర్చు భరించి మలయ్ భాషలో నాలుగు సువార్తలు, అపొస్తలుల కార్యములు 1677లో ఆక్స్‌ఫర్డులో అచ్చువేయించి తూర్పుకు పంపించారు. కంపెనీ మాత్రం వ్యాపారానికి ఇబ్బంది అని చాలాకాలం మిషనరీలను దూరంగానే ఉంచింది. 1813 చార్టర్ చట్టం తరువాత గాని ఆ తలుపు సరిగ్గా తెరుచుకోలేదు.

ఆయన్ను దోషం లేని మనిషిగా నిలబెట్టనక్కరలేదు. ఇతర లోహాలను బంగారంగా మార్చవచ్చని జీవితాంతం నమ్మి దానికోసం కాలం ఖర్చుచేశారు. 1662లో, ఐర్లండులో జప్తయిన పూర్వపు మఠాల ఆదాయాన్ని ఆయనకు తెలియకుండానే ఆయన పేరుమీద రాజు మంజూరు చేశాడు. ఆ డబ్బును అక్కడి బోధకులకు, పేదలకు, సువార్త పనికి పంచారు. అయినా దేవుని పనికి చెందవలసిన సొమ్ము తన చేతిలోంచి పోవటం సరైనదేనా అన్న ప్రశ్న ఆయన్ను వదలలేదు. చనిపోయిన సంవత్సరం, 1691లో కూడా, బర్నెట్, స్టిల్లింగ్‌ఫ్లీట్ అనే ఇద్దరు బిషప్పులతో ఇలాంటి మనస్సాక్షి ప్రశ్నల గురించి మాట్లాడారు. ముప్పై ఏళ్ల నాటి సంగతి గురించి.

1670లో పక్షవాతం వచ్చింది. కొంత కోలుకున్నా చేతులు పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. చెప్పి రాయిస్తూనే పుస్తకాలు వెలువరించారు. లోకంలోని పండితులంతా చూడటానికి వస్తుంటే అలసిపోయి, చివరి రోజుల్లో వారంలో కొన్ని పూటలు ఎవరినీ చూడనని తలుపు దగ్గర ప్రకటన పెట్టించారు. దేవుని పేరు ఎత్తవలసి వచ్చినప్పుడల్లా మాటల మధ్య ఒక్క క్షణం ఆగేవారని ఆయన్ను ఎరిగినవారు గమనించారు.

వీలునామాలో ఏడాదికి 50 పౌండ్లు కేటాయించి, క్రైస్తవ విశ్వాసపు సత్యాన్ని అవిశ్వాసుల ఎదుట నిరూపించే ఉపన్యాసాలు లండనులో జరగాలని రాశారు. వాటిలో క్రైస్తవుల మధ్య ఉన్న వివాదాల జోలికి పోకూడదని షరతు పెట్టారు. అంతర్యుద్ధంలో క్రైస్తవులు ఒకరినొకరు చంపుకోవటం చూసిన మనిషి ఆయన. మొదటి ఉపన్యాసాలు 1692లో రిచర్డ్ బెంట్లీ ఇచ్చాడు. కొంతకాలం నిలిచిపోయి 2004లో లండనులోని సెయింట్ మేరీ లె బో దేవాలయంలో మళ్లీ మొదలయ్యాయి.

అక్క కేథరిన్ 1691 డిసెంబరు 23న చనిపోయింది. తమ్ముడు ఆ తరువాత వారం రోజులే ఉన్నారు. డిసెంబరు 31న కన్నుమూశారు. సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్ దేవాలయంలో ఆమె దగ్గరే సమాధి చేశారు. సమాధి కూడికలో బిషప్ బర్నెట్ ప్రసంగించారు. 1720ల్లో ఆ పాత దేవాలయాన్ని పడగొట్టి ఇప్పుడున్నదాన్ని కట్టారు. ఆ సమయంలో ఆ ఎముకలను ఎక్కడికి మార్చారో ఎవరూ రాసిపెట్టలేదు.